డీజిల్‌కు బదులు ఏం పోయాలి? ముందు మీ ఇంజన్ ఏదో చూసుకోండి

బయోడీజిల్ (మొక్కల నూనెతోనో, కాగిన వంటనూనెతోనో చేసే డీజిల్ లాంటి ఇంధనం) మంచిదా, గ్యాస్ మంచిదా అని ఊరికే అడిగితే జవాబు ఉండదు. అది దుగ్గొండిలో దమ్ము చేసే ట్రాక్టరా, భూపాలపల్లి నుంచి బొగ్గు మోసే టిప్పరా, హన్మకొండ ఫంక్షన్ హాల్ వెనక నిలబెట్టిన జనరేటరా అన్నది ముందు తేలాలి. మూడూ డీజిల్‌తోనే నడుస్తాయి గానీ, ఒకదానికి పనికొచ్చే ఇంధనం ఇంకోదాని పంపును పాడుచేస్తుంది. లీటరు ధర ఒక్కటే చూసి నిర్ణయం తీసుకుంటే నష్టం తప్పదు.

బానెట్ ఎత్తి చూడండి. పంపు నుంచి ఒక్కో సిలిండర్‌కు ఒక్కో సన్నటి ఇనుప పైపు నేరుగా పోతుంటే అది మెకానికల్ పంపు. పంపు నుంచి డీజిల్ ముందుగా ఒక లావు గొట్టంలోకి చేరి, అక్కడి నుంచి ఇంజెక్టర్లకు పోతూ, ఇంజెక్టర్ల నెత్తిన కరెంటు వైర్ల ప్లగ్గులు కనిపిస్తే అది కామన్ రైల్. మెకానికల్ పంపు ఇంజన్లో నాజిల్ సుమారు 200 బార్ ప్రెషర్ దగ్గర తెరుచుకుంటుంది, ఇంధనంలో చిన్న చిన్న తేడాలను తట్టుకుంటుంది. కామన్ రైల్‌లో ప్రెషర్ 1,600 బార్ వరకు, కొన్నింటిలో అంతకు మించి ఉంటుంది. లోపలి భాగాల మధ్య సందు మైక్రాన్ల లెక్క. అక్కడ కొంచెం నీళ్లో, జిగటో చేరినా ఇంజెక్టర్ పోయినట్టే, పైగా ఒక్కో ఇంజెక్టర్ ధర వేలల్లో ఉంటుంది.

బండి ఏ తారీఖుదో చూసినా చాలావరకు తెలిసిపోతుంది. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 అనే పొగ నిబంధన వచ్చింది, కాబట్టి ఆ తర్వాతవి ఎక్కువగా కామన్ రైల్ ఇంజన్లే. 50 లోపు ట్రాక్టర్లలో ఇప్పటికీ మెకానికల్ పంపులే ఎక్కువ. 2020 ఏప్రిల్ తర్వాతి లారీలు, డీసీఎంలు, జీపులు బీఎస్-6 అనే పొగ నిబంధన కింద వచ్చినవి. 2023 జూలై తర్వాత తయారైన జనరేటర్లకు సీపీసీబీ-4 ప్లస్ అనే ఇలాంటి నిబంధనే వర్తిస్తుంది.

బీఎస్-6 బండ్లకు బంకు డీజిలే

ఇక్కడ ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు మించదు. బీఎస్-4లో అది 50 దాకా ఉండేది. ఐఎస్ 1460 ప్రమాణం ప్రకారం ఆ డీజిల్‌లోనే 7 శాతం వరకు బయోడీజిల్ కలిసి ఉండొచ్చు. కంపెనీ మాన్యువల్‌లో అంతకు మించి రాసి లేకపోతే పైన ఇంకేమీ కలపొద్దు.

కారణం సైలెన్సర్ లైనులో ఉన్న డీపీఎఫ్, అంటే మసిని పట్టే ఫిల్టర్. అందులో పేరుకున్న మసిని కాల్చడానికి చాలా ఇంజన్లు పవర్ స్ట్రోక్ అయిపోయాక కూడా సిలిండర్‌లోకి కొంచెం ఇంధనం చల్లుతాయి. డీజిల్ అయితే ఆవిరై బయటికి పోతుంది. బయోడీజిల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు, సిలిండర్ గోడకు అంటుకుని కిందికి జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పలచబడితే బేరింగులకు ముప్పు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరుగుతోందంటే ఇదే జరుగుతోందని అనుమానించాలి.

ఈ బండ్ల విషయంలో ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే యాడ్‌బ్లూ ఇంధనం కాదు. అది 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. పొలానికి తెచ్చిన యూరియా బస్తా ఇంట్లో ఉంది కదా అని నీళ్లలో కరిగించి పోయడం బండికి తీరని నష్టం. పొలం యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, బైయూరెట్ అనే మలినం ఎక్కువ, నల్లా నీళ్లలో కాల్షియం ఉంటుంది. ఇవన్నీ యాడ్‌బ్లూ ఇంజెక్టర్ మొన దగ్గర తెల్లగా గడ్డకట్టి, పొగను శుద్ధి చేసే ఎస్‌సీఆర్ క్యాటలిస్ట్‌ను మూసేస్తాయి. క్యాటలిస్ట్ ఒకసారి చెడితే కడిగి బాగుచేసేది కాదు, మార్చాల్సిందే.

పాత ట్రాక్టర్, కోత మిషన్, పాత లారీ: బయోడీజిల్ 20 శాతం దాకా

మెకానికల్ పంపు ఉన్న ఇంజన్లకు అందుబాటులో ఉన్నవాటిలో నమ్మదగింది ఇదే. నూరు శాతం బయోడీజిల్‌ను బీ100 అంటారు, దానికి ఐఎస్ 15607 ప్రమాణం ఉంది. 20 శాతం వరకు కలిపిన డీజిల్‌కు ఐఎస్ 16531. అమ్మేవాళ్లను ఈ రెండు నంబర్లతో ఉన్న టెస్ట్ రిపోర్టు అడగండి. చూపించలేకపోతే అక్కడితో బేరం ఆపేయండి.

పొగ ఎంత తగ్గుతుంది? అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2002లో పెద్ద ఇంజన్ల పరీక్షలన్నీ కలిపి చూసిన లెక్క ప్రకారం, బీ20తో మసి సుమారు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం, కాలని హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం 2 శాతం పెరిగాయి. మంచి తగ్గుదలే గానీ అద్భుతమేమీ కాదు. ఎయిర్ ఫిల్టర్‌లో వడ్ల దుమ్ము నిండిపోయి, నాజిల్ కారుతూ ఉన్న కోత మిషన్‌లో ఏ ఇంధనం పోసినా నల్లపొగే వస్తుంది. ముందు నాజిళ్లు తీసి ప్రెషర్ చూపించి, వాల్వ్ సందులు సరిచేసి, ఆ తర్వాతే ఇంధనం గురించి ఆలోచించడం మంచిది.

ఖర్చు లెక్క సులువు. బీ100లో లీటరుకు శక్తి డీజిల్ కన్నా దాదాపు 8 శాతం తక్కువ. డీజిల్ 100 రూపాయలనుకుంటే బీ100 ధర 92 ఉన్నప్పుడు రెండూ సమానం. తొలి నెలల్లో అదనంగా మార్చే ఫిల్టర్లు, పైపులు కూడా కలుపుకుంటే, మా లెక్కలో 85 దాటితే డబ్బు మిగలదు, పొగ తగ్గడం ఒక్కటే మిగులుతుంది. బీ20లో మైలేజీ తేడా ఒకటి, రెండు శాతమే. డ్రైవర్‌కు తెలియను కూడా తెలియదు.

మార్చేటప్పుడు చేసే పొరపాటు ఎప్పుడూ ఒకటే: ఒక్కసారిగా ట్యాంకు నింపేయడం. బయోడీజిల్‌కు కడిగే గుణం ఉంది. పదేళ్ల ట్యాంకు అడుగున, గోడలకు పట్టిన మడ్డిని అది కరిగించి తెచ్చి ఫిల్టర్‌లో పడేస్తుంది. బండి పికప్ లేక, లోడు లాగక, చివరికి పొలం మధ్యలో ఆగిపోతుంది. జనం ఇంధనాన్ని తిడతారు, నిజానికి అది ట్యాంకు మురికి. అందుకే ఈ వరసలో చేయండి. ట్యాంకు దింపి మడ్డి తీసి కడిగించండి. మొదటి రెండు ట్యాంకులు 5 నుంచి 10 శాతమే కలపండి. డీజిల్ ఫిల్టర్లు రెండు సెట్లు దగ్గర పెట్టుకోండి, మొదటిది 50 గంటలకు మార్చేయండి. ఫిల్టర్ మార్చాక చేతి పంపు కొట్టి, ఎయిర్ స్క్రూ వదులు చేసి, బుడగలు రాకుండా చిక్కటి ధార వచ్చేదాకా ఎయిర్ తీయండి. బండి తడబాటు లేకుండా నడుస్తుంటేనే 20కి పెంచండి.

పాత రబ్బరు పైపులు కూడా చూడాలి. మామూలు రబ్బరు, నైట్రైల్ రబ్బరు బయోడీజిల్ తగిలి ఉబ్బి మెత్తబడతాయి. గోరుతో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోందంటే ఆ పైపు పని అయిపోయింది. వైటాన్ పైపులు, సీళ్లు వేయించండి. నిలవ చేసే డ్రమ్ము ఇనుముదో, గట్టి ప్లాస్టిక్‌దో ఉండాలి. రాగి, ఇత్తడి, జింకు పూత ఉన్న డబ్బాలు, వాల్వులు వద్దు. అవి బయోడీజిల్‌ను త్వరగా చెడగొట్టి జిగట చేస్తాయి.

వచ్చిన సరుకు నిజమైనదేనా అన్నది ఇంట్లోనే కొంతవరకు తేల్చుకోవచ్చు. ఒక గాజు సీసాలో సగం బీ100, సగం నీళ్లు పోసి పది సెకన్లు గట్టిగా ఊపి పెట్టండి. అరగంటలో నీళ్లు కిందికి, నూనె పైకి స్పష్టంగా విడిపోవాలి. మధ్యలో పాలలాంటి తెల్లటి పొర నిలిచిపోతే సబ్బు మిగిలిందనో, నూనె పూర్తిగా మారలేదనో అర్థం. అలాంటిది నాజిళ్ల మీద బొగ్గు కట్టిస్తుంది. రెండోది సాంద్రత కొలిచే హైడ్రోమీటర్. బీఎస్-6 డీజిల్ సాంద్రత 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 845 కిలోలకు మించదు, బయోడీజిల్‌ది 860 నుంచి 900. 830 డీజిల్‌లో 880 బయోడీజిల్ 20 శాతం కలిపితే 840 రావాలి. మన ఎండల్లో 35 డిగ్రీల దగ్గర చూస్తే రీడింగ్ సుమారు 14 తగ్గి 826 చూపిస్తుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. బీ20 పేరుతో ఇచ్చింది అదే వేడిలో మామూలు డీజిల్ కన్నా తేలికగా ఉంటే మాత్రం అందులో కిరోసిన్ లాంటిదేదో కలిసింది. తక్కువ ధరకు ‘బయోడీజిల్’ పేరు పెట్టి ట్యాంకర్లలో తెచ్చి అమ్మే సరుకులో ఇలాంటివి ఉంటాయి. దాంతో పంపులో జిడ్డుతనం తగ్గి ప్లంజర్లు అరిగిపోతాయి.

చలికాలం మాట మరిచిపోవద్దు. ఇక్కడ హోటళ్లలో, మిర్చి బండ్ల మీద వాడేది ఎక్కువగా పామాయిలే. దాని నుంచి చేసిన బీ100 దాదాపు 13 నుంచి 16 డిగ్రీల మధ్యే మసకబారి, మైనం గింజలు కట్టడం మొదలుపెడుతుంది. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలి పది డిగ్రీల కిందికి పోతుంది. ఆ రెండు నెలలు 10 శాతానికి తగ్గించండి. డ్రమ్ములో పేరుకున్న బీ100ను పొద్దున్నే కలపకుండా ఎండ ఎక్కి పూర్తిగా కరిగాక కలపండి.

కాగిన నూనె, కానుగ నూనె నేరుగా పోయొచ్చా?

కోత మిషన్లో, ట్రాక్టర్లో, లారీలో నేరుగా పోయకూడదు. డీజిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 2 నుంచి 4.5 సెంటీస్టోకులు, వంటనూనెలది, కానుగ నూనెది 30 నుంచి 40. అంత చిక్కటిది నాజిల్ నుంచి పొగమంచులా రాదు, ధారగా వస్తుంది. సగం కాలకుండా నాజిల్ మొన మీద, రింగుల గాడుల్లో తారులా గట్టిపడుతుంది. మొదటి వారం బండి బాగానే నడుస్తుంది, అందుకే నమ్మి మోసపోతారు. రింగులు పట్టేశాక కాలని నూనె కిందికి జారి ఇంజన్ ఆయిల్‌ను గంజిలా చేస్తుంది. అప్పుడు సిలిండర్ బోరు పని చేయించక తప్పదు.

650 ఆర్‌పీఎం దగ్గర మెల్లగా తిరిగే పాత లిస్టర్ రకం ఇంజన్లు కొంత మినహాయింపు. వాటిలో కూడా డీజిల్‌తో స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కాక, సైలెన్సర్ వేడితో 70, 80 డిగ్రీలకు కాచి వడగట్టిన నూనెకు మార్చి, ఆపే ముందు పది నిమిషాలు మళ్లీ డీజిల్ మీద నడపాలి. పైపుల్లో నూనె మిగిలి చల్లారితే మర్నాడు స్టార్ట్ కాదు.

కానుగకు మన ప్రాంతంలో పాత చరిత్ర ఉంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ గ్రామం కానుగ చెట్లు పెంచి, 2003లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మి 645 డాలర్లు పొందింది. ఇప్పటికీ గట్ల మీద, రోడ్ల వెంట కానుగలకు కొదవ లేదు. లీటరు నూనెకు గానుగలో సుమారు నాలుగు కిలోల గింజ పడుతుంది, మిగిలిన పిండి పొలానికి మంచి ఎరువు. ఏరే కూలి, ఆడించే ఖర్చు కలిపి లెక్కేస్తే పిండి విలువ లేకుండా గిట్టదు. గింజ తేమ పట్టి నిలవుంటే నూనెలో ఆమ్లం పెరుగుతుంది, అలాంటి నూనె బయోడీజిల్‌గా మారకుండా సబ్బు అవుతుంది. ఇప్పకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ.

ఇక బయోడీజిల్‌ను ఇంట్లో చేసుకోవడం. పద్ధతి తెలిసి ఉంటే అమ్మేవాళ్ల పని కూడా అంచనా వేయొచ్చు కాబట్టి చెప్తున్నాం. నీళ్లు పూర్తిగా పోయేలా కాచి వడగట్టిన లీటరు నూనెకు 200 మిల్లీలీటర్ల మిథనాల్, అందులో కరిగించిన 3.5 గ్రాముల కాస్టిక్ సోడా. కాగిన నూనె అయితే ఆమ్లం కొలిచి ఆ మేరకు సోడా పెంచాలి. 60 డిగ్రీల దగ్గర గంటసేపు కలిపి, రాత్రంతా వదిలేస్తే గ్లిజరిన్ అడుగుకు దిగుతుంది. పైదాన్ని గోరువెచ్చటి నీళ్లతో కడిగి, తేమ పోయేదాకా ఆరబెట్టాలి. ఇదంతా విన్నాక కూడా మా సలహా ఒకటే, ఇంటి పెరట్లో వద్దు. మిథనాల్ 11 డిగ్రీల దగ్గరే మండే ఆవిరి వదులుతుంది, దాని మంట పగటి వెలుగులో సరిగ్గా కనపడదు, కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోతుంది.

హోటల్ నడిపేవాళ్లకు వేరే దారి ఉంది. పదేపదే కాచిన నూనెలో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. రోజుకు 50 లీటర్ల కన్నా ఎక్కువ నూనె వాడేవాళ్లు లెక్కలు రాసి ఉంచాలి. ఆ నూనెను రూకో పథకం కింద నమోదైన సేకరణదారులకు అమ్మేయండి. అది మళ్లీ బజ్జీల బండికి చేరకుండా బయోడీజిల్ ప్లాంటుకు చేరుతుంది.

బర్రెలున్నవాళ్లకు గోబర్ గ్యాస్

ఒకే చోట నిలబడి నడిచే ఇంజన్‌కు, పెండ సొంతంగా ఉన్నవాళ్లకు, డీజిల్‌ను అన్నిటికన్నా ఎక్కువగా తగ్గించేది ఇదే. ఇంజన్ విప్పాల్సిన పని లేదు. ఎయిర్ క్లీనర్‌కు, ఇన్‌లెట్ మానిఫోల్డ్‌కు మధ్య ఒక టీ జాయింట్ పెట్టి గ్యాస్ పైపు, గేట్ వాల్వ్ బిగిస్తారు. డీజిల్ పంపు అలాగే ఉంటుంది. గ్యాస్ లోపలికి వచ్చిన కొద్దీ స్పీడు పెరగబోతుంది, గవర్నర్ తనంతట తానే డీజిల్ తగ్గిస్తుంది. గ్యాస్‌ను అంటించేది మాత్రం ఆ కొంచెం డీజిలే.

లెక్క చూడండి. హెచ్‌పీకి గంటకు సుమారు 0.45 ఘనపు మీటర్ల గ్యాస్ కావాలి. 5 హెచ్‌పీ ఇంజన్ రెండు గంటలు నడవాలంటే 4.5 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరుకు 25 కిలోల పెండ చొప్పున 110 కిలోలు దాటుతుంది, అంటే కొట్టంలో పది, పన్నెండు పశువులు ఉండాలి. అంత చేస్తే రోజుకు మిగిలేది లీటరున్నర డీజిల్. రెండు పశువులున్న ఇంటికి ఇది సరిపోదు, వాళ్లు గ్యాస్‌ను పొయ్యికే వాడుకోవడం మేలు. పాల డెయిరీ పెట్టి చాఫ్ కట్టర్, పాలు పితికే మిషన్ రోజూ నడిపేవాళ్లకు బాగా గిట్టుతుంది, స్లర్రీ ఎరువు అదనం.

నడిపే తీరు: డీజిల్‌తో స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి, లోడు ఇచ్చాక వాల్వ్ మెల్లగా తెరవండి. ఇంజన్ టకటకమని కొట్టుకుంటే గ్యాస్ ఎక్కువైందని గుర్తు, కొంచెం తగ్గించండి. డీజిల్ కనీసం ఐదో వంతు, నాలుగో వంతు పోతూనే ఉండాలి. నాజిల్‌ను చల్లబరిచేది ఆ డీజిలే, పూర్తిగా ఆపాలని చూస్తే నాజిల్ మొన కాలిపోతుంది. ఆపేటప్పుడు ముందు గ్యాస్ మూసి, రెండు నిమిషాలు డీజిల్ మీద నడిపి ఆపండి.

చాలామంది వదిలేసేది గ్యాస్ శుద్ధి. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంజన్ ఆయిల్‌ను పుల్లబరిచి, రాగి కలిసిన బుష్‌లను, బేరింగులను తినేస్తుంది. గ్యాస్ లైనులో ఒక డ్రమ్ము పెట్టి, లేత్ మిషన్ దగ్గర దొరికే ఇనుప పొట్టును తుప్పు పట్టించి నింపండి. గ్యాస్ దాని గుండా పోవాలి. ఎర్రటి పొట్టు నల్లబడితే బయటికి తీసి నేల మీద పలచగా ఆరబోయండి, మళ్లీ ఎర్రబడుతుంది. కుప్పగా పోస్తే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఆయిల్ మార్చే గడువు సగానికి తగ్గించుకోండి.

పత్తికట్టె, ఊక కాల్చి తీసే ప్రొడ్యూసర్ గ్యాస్ కూడా ఇలాగే పనిచేస్తుంది. యూనిట్ కరెంటుకు కిలో నుంచి కిలోన్నర కట్టె పడుతుంది. తేమ 20 శాతం దాటితే తారు వచ్చి వాల్వులు అంటుకుపోతాయి. ఊకలో ఐదో వంతు బూడిదే. గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు, మూసిన షెడ్డులో ప్రాణం తీస్తుంది. రోజంతా నడిచి, చూసుకునే మనిషి ఉన్న మిల్లులకు తప్ప దీని జోలికి పోవద్దు.

సీఎన్‌జీ, సీబీజీ

మీథేన్ దానంతటదే అంటుకోవాలంటే 540 డిగ్రీలు దాటాలి, డీజిల్‌కు 250 లోపే చాలు. అందుకే డీజిల్ ఇంజన్‌లోకి సీఎన్‌జీ పంపితే ఒట్టి కంప్రెషన్‌తో కాలదు. పిస్టన్లు మార్చి కంప్రెషన్ నిష్పత్తిని 17 నుంచి 12 దాకా దించి, ఇంజెక్టర్ల చోట స్పార్క్ ప్లగ్గులు పెట్టాలి. లేదా కొంచెం డీజిల్‌తో అంటించే డ్యూయల్ ఫ్యూయల్ కిట్ వేయాలి. పాత లారీకి ఈ ఖర్చు పెట్టొద్దు. బండి మార్చే సమయం వచ్చినప్పుడు కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చింది కొనండి. కిలో సీఎన్‌జీలో లీటరుంపావు డీజిల్ కన్నా కాస్త ఎక్కువ శక్తి ఉన్నా, స్పార్క్ ఇంజన్ సామర్థ్యం తక్కువ కాబట్టి చేతికొచ్చేది దాదాపు లీటరు డీజిల్ పని. ధర పోల్చేటప్పుడు కిలోకు లీటరు అని పెట్టుకుంటే మోసపోరు. సిలిండర్లలో 200 బార్ ప్రెషర్ ఉంటుంది, మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ తప్పనిసరి. కిట్ వేయిస్తే ఆర్టీవో దగ్గర ఆర్సీలో ఇంధనం మార్పు రాయించాలి, లేకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో చిక్కు. రోజూ ఒకే రూట్లో తిరిగి రాత్రికి ఇంటికి చేరే బండికి, ఆ దారిలో గ్యాస్ పంపు ఉంటే ఇది మంచి ఎంపిక. ములుగు, ఏటూరునాగారం అడవి దారుల్లో ఎప్పుడు ఎక్కడికి పోవాల్సొస్తుందో తెలియని కిరాయి బండికి కాదు. పెండ, చెత్త నుంచి తీసి శుద్ధి చేసిన సీబీజీ కూడా అదే ఇంజన్లో, అదే సిలిండర్లో నడుస్తుంది, ఐఎస్ 16087 ప్రకారం అందులో కనీసం 90 శాతం మీథేన్ ఉండాలి.

ఇథనాల్‌ను డీజిల్‌లో కలపొచ్చని విని ప్రయత్నించేవాళ్లకు ఒక్క హెచ్చరిక. డీజిల్‌కు సీటేన్ (ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె) కనీసం 51 ఉండాలి, ఇథనాల్‌కు 8 దగ్గర. కొంచెం తేమ చేరితే రెండూ విడిపోతాయి, పైన మండే ఆవిరి నిండుతుంది. హెచ్‌వీఓ అనే హైడ్రోజన్‌తో శుద్ధి చేసిన నూనె డీజిల్ నిజంగా గొప్ప ఇంధనం, చాలా డీజిల్ ఇంజన్లలో నేరుగా పోయొచ్చు, కానీ మన బంకుల్లో దొరకదు.

బావి మీద, బోరు మీద డీజిల్ ఇంజన్ ఉన్నవాళ్లు అసలు ఇంధనం వెతకడమే అనవసరం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. లైను అందేచోట మోటారు, అందని వాగు ఒడ్డున సోలార్ పంపు. డీజిల్ ఇంజన్‌ను అత్యవసరానికి దాచుకోండి.

ఆస్పత్రులు, ఫంక్షన్ హాళ్ల జనరేటర్లకు బయోడీజిల్ కలపొద్దని మేం చెప్పేది నిలవ గురించే. నెలకు గంటో రెండు గంటలో నడిచే ట్యాంకులో బీ20 మూడు నెలలు దాటితే పుల్లబడుతుంది, తేమ పీల్చి అడుగున నాచులాంటి జిగట పెరుగుతుంది. కరెంటు పోయిన రాత్రి సెల్ఫ్ తిరిగినా ఇంజన్ అందుకోదు. వీటిలో బంకు డీజిలే పోసి, ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచి, నెలకోసారి అడుగు బోల్టు వదులు చేసి నీళ్లు తీసేసి, వారానికోసారి కనీసం మూడో వంతు లోడు మీద అరగంట నడపండి.